జైలు గదిలో అవధాన లోపం

అవధాన లోపం అంటే మనసు ఒకచోట నిలవకపోవడం. వైద్యులు దీన్ని ఏడీహెచ్‌డీ అంటారు. ధ్యాస కుదరదు. ఒళ్ళు ఒకచోట ఆగదు. ఆలోచన కన్నా ముందే చెయ్యి లేస్తుంది, నోరు జారుతుంది. కొందరిలో ధ్యాస కుదరకపోవడమే ఎక్కువ, కొందరిలో దుడుకుతనం ఎక్కువ, చాలామందిలో రెండూ కలిసే ఉంటాయి. మెదడు ఎదిగే తీరులో చిన్నప్పటినుంచీ ఉండే తేడా ఇది. బద్ధకం, పొగరు, పెంపకంలో లోపం దీనికి మూలం కావు. ప్రపంచవ్యాప్తంగా పిల్లల్లో సుమారు 5 శాతం మందికి, పెద్దవాళ్ళలో సుమారు రెండున్నర శాతం మందికి ఇది ఉంటుందని అంచనా. జైళ్ళలోకి వెళ్ళి చూస్తే ఈ లెక్క అంతకు ఎన్నో రెట్లు పెరుగుతుంది.

తెలుగువారికి అవధానం కొత్త మాట కాదు. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు ఎనిమిది వైపులనుంచి లాగుతుంటే అవధాని దేన్నీ జారవిడవకుండా ధారణలో నిలుపుకుని చివర్లో అన్నీ అప్పజెప్తాడు. ఆ ఎనిమిది మందిలో అప్రస్తుత ప్రసంగం చేసేవాడి పని ఒక్కటే, అవధాని ధ్యాసను చెదరగొట్టడం. ఏడీహెచ్‌డీ ఉన్న మనిషి తలలో ఆ పృచ్ఛకుడు పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునేదాకా మాట్లాడుతూనే ఉంటాడు. అతణ్ణి పక్కన పెట్టి అసలు పని చూసుకునే సామర్థ్యం మెదడు ముందుభాగానిది. అక్కడ డోపమైన్, నారడ్రినలిన్ అనే రసాయనాల ద్వారా నడిచే వ్యవస్థ కొందరిలో వేరుగా పనిచేస్తుంది. కవలల మీద జరిగిన అధ్యయనాలను బట్టి చూస్తే ఈ తేడాలో దాదాపు నాలుగింట మూడు వంతుల పాలు వంశపారంపర్యానిదే. నెలలు నిండకుండా పుట్టడం, పుట్టినప్పుడు బరువు బాగా తక్కువగా ఉండడం కూడా ముప్పును పెంచుతాయి.

ఈ స్థితిని వైద్యులు గుర్తించి రెండు శతాబ్దాలు దాటింది. స్కాట్లండ్ వైద్యుడు అలెగ్జాండర్ క్రైటన్ 1798లోనే ధ్యాస నిలవని మనుషుల గురించి రాశాడు. 1902లో లండన్‌లో పిల్లల వైద్యుడు జార్జ్ స్టిల్ చేసిన ఉపన్యాసాల్లో ఇలాంటి పిల్లల వర్ణన వివరంగా ఉంది. తెలివికి లోటు లేదని, అయినా తమను తాము అదుపు చేసుకోలేరని ఆయన గమనించాడు. కానీ ఆయన దానికి పెట్టిన పేరు నైతిక నియంత్రణ లోపం. ఆ నైతిక అన్న విశేషణాన్ని వైద్యశాస్త్రం తర్వాత వదిలేసింది. లోకం మాత్రం వదల్లేదు, జైళ్ళు అసలే వదల్లేదు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 1968లో దీన్ని పిల్లల జబ్బుగా తన మానసిక వ్యాధుల గ్రంథంలో చేర్చింది, 1980లో అవధాన లోపం అని పేరు మార్చింది, 1987లో ఇప్పుడు వాడుకలో ఉన్న పేరు పెట్టింది. వయసు వస్తే తగ్గిపోతుందన్న నమ్మకం చాలాకాలం నడిచింది. పెద్దవాళ్ళలోనూ ఇది మిగులుతుందని ఒప్పుకుని, వారికి తగిన కొలమానం పెట్టింది ఆ గ్రంథం 2013 నాటి అయిదో కూర్పు. దాని ప్రకారం పెద్దవాళ్ళకు ఈ జబ్బు ఉందని తేల్చాలంటే పన్నెండేళ్ళ లోపే కొన్ని లక్షణాలు కనిపించి ఉండాలి. ఈ పన్నెండేళ్ళ నిబంధన జైళ్ళలో ఎంత ఇబ్బంది పెడుతుందో తర్వాత వస్తుంది.

ఒక సంగతి ముందే స్పష్టం కావాలి. అవధాన లోపం ఉన్నవారిలో అత్యధికులు ఏ నేరమూ చేయరు. వారిలో వైద్యులున్నారు, వ్యాపారులున్నారు, రైతులున్నారు. జబ్బుకూ జైలుకూ మధ్య దారి పొడవైనది, దానికి మెట్లు చాలా ఉన్నాయి. బడిలో కూర్చోలేని పిల్లాడికి దెబ్బలు పడతాయి. చదువు మధ్యలో ఆగుతుంది. ఏ పనిలోనూ ఆరు నెలలు నిలవడు. తనలాంటి వాళ్ళే స్నేహితులవుతారు. మద్యానికో గంజాయికో త్వరగా అలవాటు పడతాడు, ఎందుకంటే అవి తలలోని రొదను కాసేపు తగ్గించినట్టు అనిపిస్తాయి. తర్వాత ఒక రాత్రి మాటామాటా పెరిగి చెయ్యి చేసుకోవడమో, తాళం లేని బండి కనిపిస్తే ఎక్కి పోవడమో జరుగుతుంది. ఈ నేరాల్లో పథకం ప్రకారం చేసినవాటికన్నా క్షణికావేశంలో చేసినవే ఎక్కువ. పథకం వేసి అమలుచేయడానికి కావలసిన ఓర్పే ఈ జబ్బులో కొరవడేది. ఇంట్లో డబ్బుంటే ఈ మెట్లలో ఎక్కడో ఒకచోట పిల్లాడు ఆగుతాడు, డాక్టరు దగ్గరికో వేరే బడికో తీసుకెళ్తారు. లేనివాళ్ళ పిల్లాడు చివరిదాకా జారతాడు. జైలులో ఈ జబ్బు ఇంతగా పోగుపడటానికి పేదరికం కూడా కారణమని మరచిపోకూడదు.

ఎంతమందిలో ఉంది అన్న ప్రశ్నకు పరిశోధకులు ఒకే జవాబు చెప్పడం లేదు. బ్రిటిష్ మనస్తత్వవేత్త సుసాన్ యంగ్, ఆమె సహచరులు 2015లో వేర్వేరు దేశాల్లో జరిగిన 42 అధ్యయనాలను కలిపి లెక్క వేశారు. ఖైదీల్లో నాలుగో వంతు మందికి, అంటే సుమారు 25 శాతానికి, అవధాన లోపం ఉందని తేల్చారు. సాధారణ జనంతో పోలిస్తే పెద్దవాళ్ళలో ఇది సుమారు పది రెట్లు. ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన సీనా ఫాజెల్, ఆయన సహచరుడు 2024లో మరింత కఠినమైన జల్లెడ పట్టారు. వైద్యులు నేరుగా మాట్లాడి నిర్ధారించిన అధ్యయనాలనే తీసుకుంటే వయోజన ఖైదీల్లో సుమారు 8 శాతం అని వచ్చింది. ఇరవై అయిదుకూ ఎనిమిదికీ చాలా దూరం. ప్రశ్నపత్రం ఇచ్చి టిక్కులు పెట్టించుకుంటే సంఖ్య పెరుగుతుంది, గంటసేపు కూర్చుని చిన్ననాటి సంగతులు విచారిస్తే తగ్గుతుంది. తక్కువ లెక్కనే నమ్మినా బయటి జనంతో పోలిస్తే మూడు రెట్లకు పైగానే ఉంది. రెండు వేల మంది ఉన్న కేంద్ర కారాగారంలో ఆ లెక్కన నూట అరవై మంది. జైలు డాక్టరుకు ఇది చిన్న సంఖ్య కాదు.

స్వీడన్‌లోని నోర్‌టెల్యే కారాగారంలో ఇల్వా గిన్స్‌బెర్గ్ అనే మానసిక వైద్యురాలు 2010లో ప్రచురించిన పరిశోధనలో ఇంకో విషయం బయటపడింది. దీర్ఘకాలం శిక్ష అనుభవిస్తున్న పురుషులను ఆమె బృందం పరీక్షించింది. జబ్బు ఉందని తేలిన 30 మందిలో చిన్నతనంలో దాన్ని గుర్తించి పేరు పెట్టింది ఇద్దరికే. అంత మంచి బడులు, ఆసుపత్రులు ఉన్న దేశంలోనే తక్కిన ఇరవై ఎనిమిది మంది పెద్దయ్యేదాకా ఎవరికీ పట్టకుండా గడిపారు. ఇప్పుడు తెలుగు జైళ్ళలో ఉన్న నలభై ఏళ్ళ మనిషి బడికి వెళ్ళింది 1990ల్లో. అప్పట్లో మన ఊళ్ళలో అలాంటి పిల్లాడికి కోతి అనో, మొండిఘటం అనో, చదువబ్బనివాడు అనో పేరు. వైద్యం ఊసే లేదు.

అవధాన లోపం ఒంటరిగా రాదు. దిగులు, ఆందోళన, మత్తు వ్యసనం, ఎదుటివారి హక్కులను లెక్కచేయని వ్యక్తిత్వ వికారం దాని వెంట వస్తాయి. జైళ్ళలో మానసిక వ్యాధుల గురించి ఫాజెల్, సహ పరిశోధకురాలు సీవాల్డ్ 2012లో 24 దేశాలకు చెందిన 33,588 మంది ఖైదీల సమాచారం క్రోడీకరించారు. తీవ్రమైన దిగులు వ్యాధి పురుషుల్లో 10 శాతం, స్త్రీలలో 14 శాతం మందికి ఉంది. వాస్తవంతో సంబంధం తెగిపోయే సైకోసిస్ ప్రతి వంద మందిలో సుమారు నలుగురికి ఉంది. మన పొరుగునే బెంగళూరు పరప్పన అగ్రహార కేంద్ర కారాగారంలో నిమ్‌హాన్స్ మానసిక వైద్య సంస్థ వైద్యులు 5,024 మందిని పరీక్షించారు. 79.6 శాతం మందికి ఏదో ఒక మానసిక వ్యాధిగానీ మత్తు పదార్థాల వాడకంతో ముడిపడ్డ సమస్యగానీ ఉందని 2011లో వెల్లడించారు. మత్తును తీసేసి చూసినా 27.6 శాతం మిగిలింది. మన దేశంలోనే, జాతీయ నేర గణాంకాల సంస్థ ఏటా ప్రచురించే జైళ్ళ నివేదికలో మానసిక వ్యాధి ఉన్నట్టు నమోదైన ఖైదీలు రెండు శాతం లోపే. ఒకటి వెతికితే దొరికిన లెక్క. రెండోది కంటపడితే రాసుకున్న లెక్క. ఆ నివేదికలో అవధాన లోపానికి విడిగా గడి కూడా లేదు.

జైలు అంటే ప్రధానంగా ఎదురుచూపు. తలుపు తీసేదాకా ఎదురుచూడాలి. లెక్కింపు పూర్తయ్యేదాకా వరుసలో కదలకుండా ఉండాలి. స్నానానికి, అన్నానికి, ములాఖత్‌కు, ఫోనుకు, డాక్టరుకు, అన్నిటికీ వంతు. సాయంత్రం లాకప్ అయ్యాక తెల్లవారేదాకా బ్యారక్‌లో చేసేదేమీ ఉండదు. 2022 చివరికి దేశంలోని జైళ్ళలో 5,73,220 మంది ఉన్నారు. వంద మందికి కట్టిన చోట 131 మంది చొప్పున. చప్పుడు, వేడి, పక్కవాడి మోచెయ్యి, రాత్రంతా వెలిగే లైటు. ఎదురుచూడటం చేతకాని, ప్రతి చప్పుడుకూ ధ్యాస చెదిరే మనిషికి ఇంతకన్నా కష్టమైన చోటు ఊహించడం కష్టం.

అక్కడ ఈ జబ్బు జబ్బులా కనిపించదు. తప్పులా కనిపిస్తుంది. వార్డరు నాలుగు పనులు ఒకేసారి చెప్తాడు. మనిషి మొదటిది విని మిగతా మూడూ మరిచిపోతాడు. మాట విననివాడని పేరు పడుతుంది. వరుసలోంచి పక్కకు జరుగుతాడు, క్రమశిక్షణ లేదంటారు. ఎవడో వెక్కిరిస్తే ఆలోచించేలోపే చెయ్యి చేసుకుంటాడు, జైలు రికార్డులో ఒక మచ్చ చేరుతుంది. జైలు నేరాలకు వేసే శిక్షల్లో సత్ప్రవర్తనకు దక్కే రెమిషన్ కోత ఒకటి. ఒక్కడినే విడిగా ఉంచడం మరొకటి. శిక్ష తగ్గే అవకాశం కొద్దికొద్దిగా కరిగిపోతుంది. అనంతపురం దగ్గర, చర్లపల్లిలో ఓపెన్ జైళ్ళున్నాయి. ఖైదీలు పొలం పని చేసుకుంటూ ఆరుబయట బతికే చోట్లు అవి. ఒంట్లో నెమ్మది లేనివాడికి రోజంతా నాగలి వెంటో పశువుల వెంటో తిరిగే పనికన్నా మేలైన మందు అరుదు. కానీ అక్కడికి వెళ్ళాలంటే సత్ప్రవర్తన రికార్డు ఉండాలి. ఆ చోటు ఎవరికి ఎక్కువ మేలు చేస్తుందో వారికే దాని గేటు మూసుకుపోతోంది.

జైలుకు ముందు పోలీస్ స్టేషన్ ఉంది, జైలుతో పాటు కోర్టు ఉంది. ఐస్‌లాండ్‌లో పుట్టి లండన్‌లో పనిచేసిన గిస్లీ గుడ్యోన్సన్ అనే మనస్తత్వవేత్త విచారణలో చేయని నేరం ఒప్పుకునేవాళ్ళ మీద ఏళ్ళ తరబడి పరిశోధన చేశాడు. అవధాన లోపం లక్షణాలున్న ఖైదీలు తాము చేయని నేరాన్ని ఒప్పుకున్నామని చెప్పడం మిగతావారికన్నా ఎక్కువని ఆయన బృందం గమనించింది. ఆ గదిలోంచి త్వరగా బయటపడాలన్న ఆత్రం అందుకు ఒక కారణం కావచ్చు. మన చట్టంలో పోలీసుల ఎదుట చెప్పిన ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదు. అది మంచి రక్షణే. కానీ మన దగ్గర ఈ జబ్బు దెబ్బకొట్టేది వేరేచోట, వాయిదాల దగ్గర. బెయిలు మీద బయటికొచ్చినవాడు చాలాసార్లు వారం వారం స్టేషన్‌కు వెళ్ళి సంతకం పెట్టాలి, ప్రతి వాయిదాకూ కోర్టులో ఉండాలి. తేదీలు గుర్తుండకపోవడమే జబ్బు లక్షణమైనవాడు ఒక వాయిదా మరిచిపోతాడు. నాన్ బెయిలబుల్ వారెంట్ వస్తుంది. పూచీకత్తు ఇచ్చినవాళ్ళు మొహం చాటేస్తారు. మనిషి మళ్ళీ లోపలికి వస్తాడు, ఈసారి కొత్త నేరం ఏమీ చేయకుండానే. 2022 చివర్లో దేశంలోని ఖైదీల్లో 75 శాతానికి పైగా విచారణ ఖైదీలే. వారిలో ఇలా తిరిగి వచ్చినవాళ్ళు ఎందరో ఎవరూ లెక్కపెట్టలేదు.

ఇక ఆత్మహత్యల సంగతి. 2022లో భారతదేశపు జైళ్ళలో 159 అసహజ మరణాలు నమోదైతే వాటిలో 119 ఆత్మహత్యలే. జైలుకు వచ్చిన తొలి రోజులు అత్యంత ప్రమాదకరమైనవి. దిగులుతో పాటు ముందూవెనకా చూడని తొందరపాటు కూడా ఉన్న మనిషిలో చావు ఆలోచనకూ చేతకూ మధ్య నిమిషాల వ్యవధే ఉండవచ్చు. కొత్తగా వచ్చిన ఖైదీకి ఒంటి మీది గాయాలు, క్షయ, రక్తపోటు చూస్తారు. మనసు గురించి కొన్ని ప్రశ్నలు అడగడానికి పట్టే సమయం అంతకన్నా ఎక్కువేమీ కాదు.

అడగడానికి సాధనం ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తరఫున తయారైన ఆరు ప్రశ్నల జాబితా పెద్దవాళ్ళలో అవధాన లోపాన్ని జల్లెడ పట్టడానికి చాలా దేశాల్లో వాడుతున్నారు. మొదలుపెట్టిన పనిలో చివరి చిన్న చిన్న భాగాలు పూర్తిచేయడం ఎంత తరచుగా కష్టమవుతుంది, మాట ఇచ్చిన వేళకు వెళ్ళడం ఎంత తరచుగా మరిచిపోతారు, ఎక్కువసేపు కూర్చోవలసి వస్తే చేతులూ కాళ్ళూ ఎంత కదులుతాయి, ఇలాంటివి. అక్షరం రానివారికి చదివి వినిపించాలి, బతుకుకు దగ్గరి ఉదాహరణలతో అడగాలి. లారీ తోలేవాడికి ఫైళ్ళ గురించి, మీటింగుల గురించి అడిగితే అర్థం కాదు. లోడు దింపే చోటు మరిచి పోయారా, సిగ్నల్ దగ్గర ఆగలేకపోయారా అని అడగాలి. ఈ జల్లెడలో తగిలినవాళ్ళందరికీ జబ్బు ఉన్నట్టు కాదు. వారిని మానసిక వైద్యుడు విడిగా చూడాలని మాత్రమే అర్థం.

విడిగా చూసినా తేల్చడం సులువు కాదు. నిద్ర చాలని మనిషి ధ్యాస నిలపలేడు. కొత్తగా జైలుకొచ్చి భయంతో ఉన్నవాడు ఒకచోట కూర్చోలేడు. తలకు దెబ్బ తగిలినవాళ్ళు జైళ్ళలో చాలామంది ఉంటారు, ఆ దెబ్బ తర్వాత వచ్చే కోపం, మతిమరుపు అచ్చం ఇలాగే ఉంటాయి. ఉద్రేకం, దిగులు మారిమారి వచ్చే బైపోలార్ వ్యాధికీ దీనికీ పోలికలున్నాయి. మద్యం మానిన తొలి వారంలో వణుకు, చిరాకు, నిద్రలేమి మామూలే. తెలంగాణ జిల్లాల్లో మత్తుమందులు కలిపిన కల్తీ కల్లుకు అలవాటుపడ్డవారు అది దొరకక పిచ్చెత్తినట్టు ప్రవర్తించడం ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి వైద్యులకు బాగా తెలిసిన సంగతి. అలాంటి మనిషిని జైలుకొచ్చిన మూడోరోజున చూసి అవధాన లోపం అనడం తప్పు. నాలుగైదు వారాలు ఆగి, ఒళ్ళు కుదుటపడ్డాక చూడాలి.

తేడా పట్టించేది బాల్యమే. ఇవాళ్టి లక్షణాలు ఎన్నో కారణాలవల్ల వస్తాయి. పన్నెండేళ్ళు నిండకముందు కూడా అవే లక్షణాలు, బడిలోనూ ఇంట్లోనూ కనిపించి ఉంటేనే అది అవధాన లోపం. పన్నెండేళ్ళ నిబంధన పెట్టింది ఇందుకే. కానీ జైలు డాక్టరు ముందు కూర్చున్న మనిషి చిన్నప్పుడు ఎలా ఉండేవాడో చెప్పేవాళ్ళు ఆ గోడల లోపల ఒక్కరూ ఉండరు. అతనికే సరిగా గుర్తుండదు. ఇంగ్లండులో వైద్యులు బడి రికార్డులు తెప్పించుకుంటారు. మన దగ్గర అయిదో తరగతిలో మానేసిన పిల్లాడి రికార్డు ఏ బీరువాలోనూ మిగలదు. మిగిలేది కన్నతల్లి జ్ఞాపకం.

చికిత్సలో మందుకు పెద్ద పాత్ర ఉంది. మిథైల్‌ఫెనిడేట్ అనే ఉత్ప్రేరకం 1950ల నుంచి వాడుకలో ఉంది. నోర్‌టెల్యే జైలులో గిన్స్‌బెర్గ్ 30 మందికి దీన్ని, ఉత్తుత్తి మాత్రను పోల్చుతూ అయిదు వారాలు ఇచ్చి చూసింది. మందు తీసుకున్నవారిలో మార్పు చాలా స్పష్టంగా వచ్చింది. తర్వాత దాదాపు ఏడాది పాటు మందు కొనసాగిస్తే ఆ మేలు నిలిచింది. ఆ ఫలితాలు 2012లో వెలువడ్డాయి. పదేళ్ళ తర్వాత ఫిలిప్ ఆషెర్సన్ బృందం లండన్‌లోని ఐసిస్, స్కాట్లండ్‌లోని పోల్మాంట్ యువ నేరస్థుల కారాగారాల్లో 16 నుంచి 25 ఏళ్ళ మధ్య వయసున్న 200 మంది మీద అదే మందును ఎనిమిది వారాలు పరీక్షించింది. అక్కడ మందుకూ ఉత్తుత్తి మాత్రకూ తేడా తేలలేదు. ఈ రెండో ఫలితాన్ని దాచిపెట్టి మొదటిదాన్నే చెప్పడం శ్రోతలకు న్యాయం కాదు. చోట్లు వేరు, వయసులు వేరు. చిన్నప్పటినుంచి దెబ్బలు తిన్న, మత్తుకు అలవాటుపడ్డ, నిద్రలేని కుర్రాళ్ళకు ఎనిమిది వారాల మాత్ర ఒక్కటే సరిపోదన్నది దాన్నుంచి తీసుకోదగ్గ అర్థం.

జైలు బయటి లెక్కలు మాత్రం మందు పక్షానే మాట్లాడుతున్నాయి. స్వీడన్‌లో అవధాన లోపం ఉన్న 25 వేల మందికి పైగా మనుషుల సమాచారాన్ని పాల్ లిక్టెన్‌స్టైన్ బృందం పరిశీలించి 2012లో ప్రచురించింది. ఒకే మనిషి మందు వేసుకున్న నెలలనూ మానేసిన నెలలనూ పోల్చి చూసింది. మందు వేసుకున్న కాలంలో నేరాలు పురుషుల్లో 32 శాతం, స్త్రీలలో 41 శాతం తగ్గాయి. మందు వేసుకోవాలనుకున్న రోజుల్లో మనిషి బతుకు కూడా కాస్త దారిలో ఉండి ఉండవచ్చు. కాబట్టి మొత్తం ఘనత మాత్రదే అనలేం. అయినా కొట్టిపారేయదగ్గ తేడా కాదు.

మన జైళ్ళలో ఈ మందు ఇవ్వడానికి ఇంకో అడ్డంకి ఉంది. మిథైల్‌ఫెనిడేట్ మాదకద్రవ్యాల నిరోధక చట్టం కింద నియంత్రణలో ఉన్న మందు. జైలులో అది చేతులు మారుతుందేమో, బలహీనుడి దగ్గర బలవంతుడు లాక్కుంటాడేమో అన్న భయం ఉత్తది కాదు. రోజుకు ఒక్కసారి వేసే, నెమ్మదిగా కరిగే మాత్రను కంపౌండరు ఎదుటే మింగించడం ఒక ఉపాయం. అటామాక్సెటిన్ అనే మరో మందు ఉంది, అది వ్యసనంగా మారదు, మన దేశంలో దొరుకుతుంది. కానీ అది పూర్తిగా పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, ఈలోగా విచారణ ఖైదీకి బెయిలు వచ్చి వెళ్ళిపోవచ్చు. అందుకే విడుదల రోజున చేతిలో పెట్టే చీటీ ముఖ్యం. ఏ మందు, ఎంత మోతాదు, ఏ ప్రభుత్వ ఆసుపత్రిలో ఎవరిని కలవాలి అన్నవి అందులో ఉండాలి.

డబ్బు ఖర్చు లేని మార్పులు కొన్ని ఉన్నాయి, వీటికి ఏ పరిశోధన కోసమూ ఆగనక్కర్లేదు. ఒకసారికి ఒకే పని చెప్పడం. చెప్పింది తిరిగి చెప్పించుకోవడం. రోజు కార్యక్రమాన్ని బ్యారక్ గోడ మీద బొమ్మలతో రాసి పెట్టడం. వాయిదా తేదీని కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఇవ్వడం. గొడవ మొదలైనప్పుడు అరవకుండా రెండు నిమిషాలు పక్కకు తీసుకెళ్ళడం. ఒంటికి పని కల్పించడం. తెలుగు జైళ్ళలో నేత, ఉక్కు సామాను, బేకరీ, వ్యవసాయం ఉన్నాయి. చంచల్‌గూడ దగ్గర ఖైదీలే పెట్రోలు బంకు నడుపుతున్నారు. ఉస్మానియా విశ్వవిద్యాలయ మనస్తత్వశాస్త్ర ఆచార్యురాలిగా పనిచేసిన సి. బీనా రూపొందించిన ఉన్నతి కార్యక్రమం ద్వారా హైదరాబాదు జైళ్ళలో ఖైదీలకు కోపాన్ని, ఆలోచనను అదుపు చేసుకునే శిక్షణ అందింది. అవధాన లోపం ఉన్నవారి కోసం బ్రిటన్‌లో సుసాన్ యంగ్ తయారుచేసిన శిక్షణ కూడా ఇదే బాటలోది. చిన్న చిన్న పాఠాలు, ఎక్కువ అభ్యాసం, వెంట ఒక మార్గదర్శి. పునాది మన దగ్గర ఉంది. దాని మీద ఈ జబ్బుకు తగిన గది ఒకటి కట్టాలి.

మహిళా ఖైదీల విషయంలో పొరపాటు ఇంకో తీరులో జరుగుతుంది. ఆడపిల్లల్లో గెంతులు తక్కువ, పరధ్యానం ఎక్కువ. బడిలో ఎవరికీ ఇబ్బంది కలిగించని పిల్ల జబ్బు ఎవరి కంటా పడదు. పెద్దయ్యాక దిగులుతో డాక్టరు దగ్గరికి వస్తే దిగులుకే మందిస్తారు, దాని కింద ఉన్నది అలాగే ఉండిపోతుంది. ఇంట్లో దెబ్బలు తిన్న స్త్రీ ధ్యాస చెదరడానికి ఆ దెబ్బలే కారణమా, చిన్ననాటి జబ్బు కారణమా అన్నది విడదీయడం మరింత ఓపిక అడిగే పని.

చట్టం విషయానికొస్తే, 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఖైదీలను మరిచిపోలేదు. 103వ సెక్షన్ ప్రకారం ప్రతి రాష్ట్రంలో కనీసం ఒక జైలు వైద్య విభాగంలో మానసిక వైద్య కేంద్రం ఉండాలి. మూడు నెలలకోసారి జైలు వైద్యాధికారి తమ జైలులో మానసిక వ్యాధి ఉన్న ఖైదీలెవరూ లేరని బోర్డుకు ధ్రువీకరించాలి. ఉన్నవారిని తగిన చికిత్సా కేంద్రానికి పంపాలన్నది దీని ఉద్దేశం. కానీ వెతకకుండా రాసిన లేరు అన్న మాటకు విలువ లేదు. అవధాన లోపం పేరు ఈ చట్టంలో లేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం, అభ్యసన లోపాలు ఉన్నాయిగానీ ఇది విడిగా లేదు. బ్రిటన్‌లో 2018 నాటి వైద్య మార్గదర్శకాలు నేర న్యాయ వ్యవస్థలోకి వచ్చినవారిలో ఈ జబ్బు ఎక్కువగా ఉంటుందని, వారిని దృష్టిలో పెట్టుకుని చూడాలని స్పష్టంగా చెప్పాయి. 2021లో అక్కడి తనిఖీ సంస్థలు కలిసి ఇచ్చిన నివేదిక తర్వాత జైళ్ళలో ఇలాంటి ఖైదీల బాగోగులు చూసే ప్రత్యేక ఉద్యోగులను నియమించారు. మన జైళ్ళ మాన్యువల్‌లో అలాంటి ఒక్క వాక్యం చేరినా డాక్టరు చేతికి పట్టు దొరుకుతుంది.

ఇదంతా నేరాన్ని క్షమించమని కాదు. దెబ్బ తిన్నవాడి బాధ, పోయిన ప్రాణం జబ్బు పేరు చెప్పగానే తేలికైపోవు. శిక్ష వేసేది కోర్టు, అది వేసినంతే పడాలి. జబ్బును గుర్తించకపోతే దాని మీద మరో శిక్ష కలుస్తుంది. పోయిన రెమిషన్, ఒంటరి గది, తిరిగొచ్చిన వారెంటు, ఇవేవీ ఏ తీర్పులోనూ లేనివి. జైలు ఆసుపత్రిలో చేరిక రోజునే అడిగే ఆరు ప్రశ్నలతో మొదలుపెట్టి, ఒళ్ళు కుదుటపడ్డాక వైద్యుడు విడిగా చూస్తే ఆ అదనపు శిక్షను చాలావరకు ఆపవచ్చు.

ఈ ప్రసంగం వింటున్నవారిలో ఎవరి కొడుకైనా, అన్నయినా, భర్తయినా జైలులో ఉండి ఉండవచ్చు. చిన్నప్పుడు అతను బడిలో కుదురుగా కూర్చునేవాడు కాదా, వస్తువులన్నీ పారేసుకునేవాడా, ఏ పనీ పూర్తిచేసేవాడు కాదా? అలాగైతే ఈసారి ములాఖత్‌కు వెళ్ళినప్పుడు జైలు డాక్టరుతో మాట్లాడాలని సూపరింటెండెంటును అడగండి. ఆ సంగతులు గుర్తున్నంతవరకు ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. పాత మందుల చీటీ, బడి సర్టిఫికెట్ ఉంటే జత చేయండి. ఎవరూ పట్టించుకోకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు 15100 నంబరులో చెప్పండి. మానసిక ఆరోగ్య సలహాకు టెలిమానస్ 14416 రాత్రీపగలూ ఉచితంగా పలుకుతుంది, తెలుగులోనూ మాట్లాడతారు.